తలకి దెబ్బ తగిలి ఇంటికొచ్చిన మనిషికి తిండి ఎలా పెట్టాలి: పత్యం, ట్యూబ్ ఫీడింగ్, బ్రెయిన్ టాబ్లెట్లు

హాస్పిటల్లో డిశ్చార్జ్ చేసేటప్పుడు మందుల చీటీ ఇస్తారు, కుట్లు ఎప్పుడు తీయాలో చెప్తారు, రివ్యూ డేట్ రాసిస్తారు, తిండి సంగతి అడిగితే మాత్రం "సాఫ్ట్ డైట్ పెట్టండి, లిక్విడ్స్ ఎక్కువ ఇవ్వండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇక ఇంటికొచ్చాక చూడాలి, అత్తగారు ఒకటి చెప్తుంది, పక్కింటావిడ ఇంకోటి చెప్తుంది, వాట్సాప్‌లో ఎవరో ఫలానా క్యాప్సూల్ మెదడుకి అద్భుతం అని ఫార్వర్డ్ చేస్తారు, మెడికల్ షాపతను తన వంతుగా ఓ పౌడర్ డబ్బా అంటగడతాడు. నేను డాక్టర్ని కాదు, మా ఇంట్లో ఒక బైక్ యాక్సిడెంట్ కేసు చూసుకున్నా, ఆ టైంలో డైటీషియన్లనీ స్పీచ్ థెరపిస్టులనీ విసిగించి మరీ నేర్చుకున్నవి, తర్వాత చదివి సరిచూసుకున్నవి వరసగా రాస్తున్నా. ముందే చెప్పేస్తున్నా, మెదడు కోలుకోడానికి అని మనం కొనే సీసాల్లో చాలావాటికి రుజువు అంతంతమాత్రం. రుజువు ఉన్నదేంటంటే సరిపడా తిండి, అందులో సరిపడా ప్రోటీన్, ఆ తిండి ఊపిరితిత్తుల్లోకి కాకుండా కడుపులోకే పోవడం. డబ్బూ ఓపికా ముందు వీటి మీదే పెట్టండి.

స్టెప్ 1: వాంతిని పైత్యం అనుకోకండి

తలకి దెబ్బ తగిలాక మనిషి వాంతి చేసుకుంటే మనవాళ్ళు చేసే మొదటి పని జీలకర్ర నీళ్ళో నిమ్మకాయ సోడానో తాగించడం. పైత్యం చేసిందండీ, తిన్నది అరగలేదండీ అంటారు. తలకి దెబ్బ తగిలిన మనిషి విషయంలో ఆ లెక్క వద్దు. వాంతులు మళ్ళీ మళ్ళీ అవుతున్నా, మత్తుగా పడుకుని లేపితే సరిగ్గా లేవకపోయినా, తలనొప్పి అంతకంతకీ పెరుగుతున్నా, ఒక పక్క చెయ్యి కాలు పడిపోయినట్టున్నా, ఫిట్స్ వచ్చినా, ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీళ్ళలా కారుతున్నా తిండి సంగతి పక్కన పెట్టి వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. పెద్దవాళ్ళు బాత్రూంలో జారిపడితే ఆ రోజు బాగానే ఉంటారు, మూడు నాలుగు వారాల తర్వాత తూలడం, మాట తడబడడం, మతిమరుపు మొదలవుతాయి, మెదడు పైపొరల కింద రక్తం మెల్లగా చేరితే అలా అవుతుంది. దాన్ని కూడా వయసు మీద పడింది అని, నీరసం అని బలం సిరప్ పట్టించి వదిలెయ్యకండి.

చిన్న దెబ్బ, స్కాన్ నార్మల్, డాక్టర్ ఇంటికి పంపేశారు అంటే మీకు ఈ గైడ్‌లో చాలాభాగం అక్కర్లేదు. ఒకటి రెండు రోజులు కాస్త రెస్ట్, వికారం ఉంటే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినడం, పూట మానకుండా ఉండడం, నీళ్ళు సరిగ్గా తాగడం, ఆల్కహాల్ అసలు ముట్టకపోవడం, అంతే. మిగతాదంతా ఐసీయూలో ఉండి వచ్చినవాళ్ళ కోసం.

స్టెప్ 2: ఏం పెట్టాలి అనే ముందు, మింగగలడా లేదా చూడండి

చాలామంది ఇళ్ళల్లో ఇది అసలు ఎవరికీ గుర్తే రాదు. మెదడు దెబ్బతిన్నప్పుడు గుటక వెయ్యడం కూడా దెబ్బతింటుంది, నాలుక కదలదు, గొంతు లేటుగా మూసుకుంటుంది, దాంతో నోట్లో పెట్టింది కొంచెం ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది, అక్కణ్ణించి నిమోనియా. పైగా అందరికీ పొలమారదు, కొంతమందికి దగ్గు కూడా రాకుండా లోపలికి వెళ్ళిపోతుంది, మనం మాత్రం బాగా తాగుతున్నాడు అని సంబరపడుతుంటాం. అందుకని డిశ్చార్జ్‌కి ముందే స్పీచ్ థెరపిస్టుతో మింగే టెస్ట్ చేయించమని అడగండి. స్పీచ్ థెరపిస్ట్ అంటే మాటలు నేర్పించేవాళ్ళే అనుకుంటారు గానీ గుటక సంగతి చూసేది కూడా వాళ్ళే. ఊపిరి కోసం గొంతుకి రంధ్రం చేసి పెట్టే ట్రెకియాస్టమీ గొట్టం ఉండి తీసినవాళ్ళకైతే ఇది తప్పనిసరి.

ఇక్కడ మన అంచనా పూర్తిగా తలకిందులవుతుంది. గట్టిది కష్టం, పల్చటిది ఈజీ అనుకుంటాం కదా, గుటక సమస్య ఉన్నవాళ్ళకి చాలాసార్లు అన్నిటికంటే ప్రమాదం మామూలు మంచినీళ్ళే. పల్చటి మజ్జిగ, చారు, కొబ్బరినీళ్ళు, టీ, ఇవన్నీ గొంతు మూసుకునేలోపే జారిపోతాయి. ఇంకో డేంజర్ ఏంటంటే రెండు రకాలు కలిసినవి, అంటే చారన్నం, సాంబార్లో ముంచిన ఇడ్లీ, పాలల్లో వేసిన బ్రెడ్డు, నోట్లో పెట్టగానే నీళ్ళు ముందు పోతాయి, మెతుకులు వెనకబడతాయి. దానికంటే మెత్తగా మెదిపిన పెరుగన్నం, ముద్దపప్పు నెయ్యి వేసి బాగా కలిపిన అన్నం, చిక్కటి రాగి సంకటి కొంచెం జారుగా చేసినది, కస్టర్డ్ లాంటివి నయం. ఏది ఎంత చిక్కగా ఉండాలో థెరపిస్ట్ చెప్తారు, నీళ్ళు చిక్కబడేలా చేసే పౌడర్లు కూడా మందుల షాపుల్లో దొరుకుతాయి, వాళ్ళు చెప్తేనే వాడండి.

తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి, మంచం మీద పడుకోబెట్టి తల కింద రెండు దిళ్ళు పెట్టడం కూర్చోబెట్టినట్టు కాదు. చిన్న స్పూన్, ఒక్కో ముద్దకి గుటక పడిందా లేదా గొంతు మీద చూసి తర్వాతది పెట్టండి. టీవీ ఆపండి, చుట్టాలు మాట్లాడిస్తూ ఉండకూడదు, నమలడం మీదే ధ్యాస ఉండాలి, ఆ మెదడు ఒకేసారి రెండు పనులు చెయ్యలేదు. బుగ్గలో ముద్ద ఉండిపోయిందేమో చూడండి, చెయ్యి పడిపోయిన వైపు బుగ్గలో తెలీకుండా ఉండిపోతుంది. తిన్నాక కనీసం అరగంట అలాగే కూర్చోబెట్టాలి. పళ్ళు, నాలుక రోజుకి రెండుసార్లు శుభ్రం చెయ్యండి, నోట్లో పాచి ఉంటే లాలాజలంతో పాటు ఆ క్రిములే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తిన్న తర్వాత గొంతు నీళ్ళు పుక్కిలిస్తున్నట్టు గరగరమంటున్నా, తినేటప్పుడు దగ్గుతున్నా, కారణం లేకుండా జ్వరం వస్తున్నా నోటి తిండి ఆపేసి డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. మత్తుగా ఉన్న మనిషి నోట్లో ఏదీ పొయ్యకండి, తీర్థం కూడా.

స్టెప్ 3: పత్యం ఎత్తెయ్యండి, లెక్క పెట్టడం మొదలెట్టండి

ఇదే అసలు స్టెప్, ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్తా.

మన ఇళ్ళల్లో ఆపరేషన్ అయిందంటే పత్యం. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, పెరుగు జలుబు చేస్తుంది, వంకాయ గోంగూర పడవు, చేప దురద, మాంసం అరగదు. అన్నీ తీసేస్తే మిగిలేదేంటి, బీరకాయ కూరా చారన్నం, ఇంకా మాట్లాడితే జావ. కుట్ల దగ్గర చీము పట్టేది క్రిముల వల్ల, శుభ్రం లేకపోవడం వల్ల, షుగర్ కంట్రోల్లో లేకపోవడం వల్ల, పప్పు వల్ల కాదు. నిజానికి పుండు మానాలంటే కావాల్సింది ఆ పప్పులో, గుడ్డులో ఉన్న ప్రోటీనే. అమ్మమ్మలతో వాదించి గెలవలేం, నాకు తెలుసు, డైటీషియన్ చేత ఒక కాగితం మీద "పప్పు, గుడ్డు, పెరుగు, చేప పెట్టాలి" అని రాయించుకుని ఫ్రిజ్ మీద అంటించండి, డాక్టరమ్మ రాసిందంటే కొంత వింటారు.

ఎందుకింత పట్టుపట్టడం అంటే, మామూలు రోజుల్లోనే మెదడు ఒంటి బరువులో 2 శాతం ఉండి దాదాపు 20 శాతం శక్తి లాగేస్తుంది. పెద్ద దెబ్బ తగిలాక ఒళ్ళంతా ఎమర్జెన్సీలోకి వెళ్తుంది, మనిషి కదలకుండా పడుకున్నా లోపల శక్తి ఖర్చు బాగా పెరుగుతుంది, తిండి చాలకపోతే సొంత కండనే కరిగించి వాడుకుంటుంది, అందుకే ఐసీయూ నుంచి వచ్చేసరికి తొడలు పుల్లల్లా అయిపోతాయి. న్యూయార్క్ రాష్ట్రంలో 797 మంది పెద్ద దెబ్బ కేసుల్ని చూసి 2008లో ఒక పేపర్ వచ్చింది, మొదటి 5 రోజుల్లో కిలో బరువుకి 10 క్యాలరీలు తగ్గినప్పుడల్లా చనిపోయే రిస్క్ 30 నుంచి 40 శాతం ఎక్కువ కనపడింది. 2011లో అమెరికా రక్షణ శాఖ అడిగితే అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ కమిటీ అప్పటిదాకా ఉన్న పరిశోధన అంతా జల్లెడ పట్టి చివరికి గట్టిగా చెప్పిందేంటంటే, ఫలానా విటమిన్ ఇవ్వండి అని కాదు, పెద్ద దెబ్బ తగిలిన మనిషికి 24 గంటల్లోపే ఫీడింగ్ మొదలెట్టండి, ప్రోటీన్ కిలోకి 1 నుంచి 1.5 గ్రాములు ఇవ్వండి అని. కాబట్టి మీ మనిషి ఇంకా ఐసీయూలోనే ఉంటే రోజూ బులెటిన్ చెప్పేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న వెయ్యండి, "ఫీడ్స్ మొదలెట్టారా సార్, ఎన్ని క్యాలరీలు వెళ్తున్నాయి?" అని. సెలైన్ ఎక్కుతోంది కదా అని ఊరుకోకండి, అర లీటరు 5 శాతం గ్లూకోజ్ బాటిల్‌లో ఉండేది వంద క్యాలరీలే.

ఇంటికొచ్చాక లెక్క ఇలా వేస్కోండి. మామూలు ఆరోగ్యవంతుడికి మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే ప్రోటీన్ కిలోకి 0.83 గ్రాములు. కోలుకుంటున్న మనిషికి సాధారణంగా 1.2 నుంచి 1.5 దాకా చెప్తారు, కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ఈ లెక్క మీకు కాదు, మీ డాక్టర్ చెప్పిందే ఫైనల్. 60 కిలోల మనిషి అనుకుంటే 72 నుంచి 90 గ్రాములు, క్యాలరీలు కిలోకి 25 నుంచి 30 చొప్పున 1500 నుంచి 1800. ఇది అసాధ్యం ఏమీ కాదు, రెండు గుడ్లు 13 గ్రాములు, రోజు మొత్తం మీద అర లీటరు పాలు 16, ఎండు కందిపప్పు 50 గ్రాములు వండితే 11, రెండు చిన్న కప్పుల పెరుగు 6, చేపో చికెనో 100 గ్రాములు 20, గుప్పెడు పల్లీలు 7, 200 గ్రాముల బియ్యం అన్నంలో 15 చిల్లర, కూడితే 88 వచ్చేసింది. పల్లీలు పొడిగానో పచ్చడిగానో, గుటక సరిగ్గా లేనివాళ్ళకి పలుకులు వద్దు. శాకాహారులైతే పన్నీరు, మీల్ మేకర్, సెనగలు, పెసలు పెంచండి, మీల్ మేకర్ 100 గ్రాముల్లో 50 పైనే ప్రోటీన్ ఉంటుంది, 30 గ్రాములు నానబెట్టి మెత్తగా రుబ్బి పప్పులో కలిపేస్తే తెలియను కూడా తెలీదు.

జావ మాటేంటంటే, గ్లాసు జావలో మనం వేసేది రెండు చెంచాల రాగిపిండి, ఓ 20 గ్రాములు. అంటే 65 క్యాలరీలు, ప్రోటీన్ గ్రామున్నర. రోజుకి ఆరు గ్లాసులు తాగించినా 400 క్యాలరీలు కూడా అవ్వవు, కడుపు మాత్రం నిండిపోతుంది, ఇంక అన్నం తినడు. కొబ్బరినీళ్ళు, బార్లీ నీళ్ళు, బత్తాయి జ్యూస్ కూడా అంతే, చూడ్డానికి రోజంతా ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది, ఒంటికి పట్టేది ఏమీ ఉండదు. జావ మానెయ్యక్కర్లేదు, నీళ్ళకి బదులు పాలతో కాచండి, వేయించిన పల్లీల పొడో పాలపొడో రెండు చెంచాలు కలపండి, ఒక చెంచా నెయ్యి వెయ్యండి, అదే గ్లాసు మూడు నాలుగు రెట్లు బలంగా తయారవుతుంది. తక్కువ తినేవాళ్ళకి ట్రిక్ అంతా ఇదే, గిన్నె పెద్దది చెయ్యడం కాదు, అదే గిన్నెలో ఎక్కువ కుక్కడం. మూడు పూటలు కాకుండా ఆరుసార్లు పెట్టండి, ఉదయం మనిషి ఫ్రెష్‌గా ఉంటాడు కాబట్టి పెద్ద భోజనం అప్పుడే పెట్టండి, సాయంత్రానికి అలసిపోయి నమలడానికి కూడా ఓపిక ఉండదు.

స్టెప్ 4: రైల్స్ ట్యూబ్ ఉంటే

ముక్కులోంచి కడుపులోకి వేసిన ఈ ట్యూబ్‌తో ఇంటికి పంపిస్తే చాలామంది ఇంట్లోవాళ్ళకి భయం, కొంతమందికి భయం లేకపోవడం ఇంకా సమస్య. ముక్కు దగ్గర ట్యూబ్ మీద ఎక్కడిదాకా ఉందో నర్సు చేత మార్కు పెట్టించుకోండి, ప్రతి ఫీడ్‌కి ముందు ఆ మార్కు కదిలిందా చూడండి, కదిలితే ఫీడ్ ఇవ్వకండి, మీరే లోపలికి తోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోయే ఛాన్స్ ఉంది, హాస్పిటల్‌కి వెళ్ళాల్సిందే. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉండాలి, ఫీడ్ అయ్యాక కూడా అరగంట నుంచి గంట దించకూడదు. 50 మిల్లీల సిరంజి పైన పిస్టన్ తీసేసి దాన్నే గరాటులా వాడి దానంతట అది దిగనివ్వండి, నెట్టకండి. సాధారణంగా ఒక్కోసారి 200 నుంచి 250 మిల్లీలు రెండు మూడు గంటలకోసారి ఇమ్మంటారు, ముందూ వెనకా 30 మిల్లీల మంచినీళ్ళు పోస్తే ట్యూబ్ పూడుకోదు.

ఇంట్లో చేసే ఫీడ్ నీళ్ళగా వడకట్టేసే అలవాటు ఎక్కువ, వడకట్టాక జల్లెడ మీద మిగిలిపోయేదే పప్పు, గుడ్డు, అంటే బలమంతా చెత్తబుట్టలోకి. బాగా ఉడికించి మిక్సీలో మెత్తగా తిప్పి వడకట్టండి, కొంచెం నూనె కలపండి, పప్పు, గుడ్డు, పాలు, అన్నం ఎంతెంత వెయ్యాలో డైటీషియన్ దగ్గర గ్రాముల్లో రాయించుకోండి. చేసిన ఫీడ్ బయట రెండు గంటలకి మించి ఉంచకండి, మన ఎండల్లో అసలు ఉండదు. టాబ్లెట్లు కూడా అదే ట్యూబ్‌లో వేస్తారు కదా, పేరు చివర ఎస్ఆర్, సీఆర్, ఈఆర్ అని ఉన్నవి నూరకూడదు, రోజంతా మెల్లగా దిగాల్సిన మందు ఒక్కసారే దిగిపోతుంది, డాక్టర్‌ని అడిగి సిరప్‌కి మార్పించుకోండి. వారాల తరబడి ట్యూబ్ ఉండాల్సొస్తే పొట్టకి పెట్టే పెగ్ ట్యూబ్ గురించి వాళ్ళే చెప్తారు, పేరు వినగానే కంగారుపడకండి, మనిషికి ముక్కులో గొట్టం కంటే అదే హాయి, మింగడం వచ్చాక తీసేస్తారు.

స్టెప్ 5: నీళ్ళు, ఉప్పు

నీళ్ళు ఎంత తాగిస్తే అంత మంచిది అనుకోవద్దు. తల దెబ్బల్లో రక్తంలో సోడియం పడిపోవడం మామూలు, నార్మల్ 135 నుంచి 145, పడిపోతే మనిషి తికమకగా మాట్లాడతాడు, మత్తు, వాంతి, ఫిట్స్ దాకా వెళ్తుంది. దీనికి రెండు కారణాలున్నాయి, ఒకదాంట్లో ఒంట్లో నీరు నిలిచిపోతుంది, అప్పుడు నీళ్ళు తగ్గిస్తారు, రెండోదాంట్లో ఉప్పు మూత్రంలో పోతుంది, అప్పుడు ఉప్పూ నీళ్ళూ రెండూ ఇస్తారు, అంటే ట్రీట్‌మెంట్ ఉల్టా. మనం ఇంట్లో ఊహించి చెయ్యాల్సిన పని కాదు, "సోడియం ఎంత ఉంది, నీళ్ళు రోజుకి ఎంత ఇవ్వాలి" అని అంకె అడిగి రాసుకోండి. బీపీ ఉందని ఉప్పు పూర్తిగా మానిపించడం కూడా అడక్కుండా చెయ్యకండి. మనిషి బిందెలు బిందెలు నీళ్ళు తాగుతూ అంతే మూత్రం పోస్తుంటే అది షుగర్ కాకపోవచ్చు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్నా అలాగే ఉంటుంది, వెంటనే చెప్పండి.

స్టెప్ 6: మందులకీ తిండికీ మధ్య గొడవలు

ఫిట్స్ రాకుండా ఫెనిటోయిన్ రాస్తారు చాలామందికి. ట్యూబ్ ఫీడ్‌తో పాటే ఇస్తే అది సరిగ్గా ఒంటికి ఎక్కదు, అందుకే ముందు గంట రెండు గంటలు, తర్వాత గంట రెండు గంటలు ఫీడ్ ఆపమంటారు, కాల్షియం టాబ్లెట్, గ్యాస్ మందు కూడా దానితో కలిపి వెయ్యకండి. ఎక్కువ కాలం వాడితే విటమిన్ డి, ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్) తగ్గుతాయి, ఎముకలు పల్చబడతాయి. అలాగని మీరే ఫోలిక్ యాసిడ్, బీ6 పెద్ద డోసులు మొదలెట్టేస్తే ఫెనిటోయిన్ లెవెల్ పడిపోయి ఫిట్స్ రావచ్చు. మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్ దానికి ఉల్టా, లెవెల్ పెంచుతాయి. కూరలో వేసే పసుపు, చారులో మిరియాలు అంత పని చెయ్యవు, కంగారు వద్దు. రక్తం పల్చబడే ఎసిట్రోమ్ లాంటిది వాడుతుంటే ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ ఇంచుమించు ఒకేలా తినండి, ఒక వారం అసలు లేకుండా ఇంకో వారం రోజూ తోటకూర అలా చెయ్యకండి.

మందు తాగే అలవాటు ఉన్న మనిషైతే దాచకుండా చెప్పండి, సిగ్గుపడే విషయం కాదు, వాళ్ళలో థయమిన్, అంటే బీ1, బాగా తక్కువుంటుంది, గ్లూకోజ్ ఎక్కించే ముందు అది ఇవ్వకపోతే మెదడుకి ఇంకో దెబ్బ. చాలా రోజులు తినకుండా ఉన్నవాళ్ళకి ఒక్కసారిగా ఫుల్ ఫీడ్ పెట్టినా పొటాషియం, ఫాస్ఫేట్ పడిపోయి గుండెకి ముప్పు, అందుకే మెల్లగా పెంచుతారు, బాగా చిక్కిపోయాడు కదా అని హడావిడి పడకండి.

స్టెప్ 7: ఇప్పుడు సీసాల సంగతి

సిటికోలిన్ మన దగ్గర తల దెబ్బకీ పక్షవాతానికీ దాదాపు అందరికీ రాస్తారు. దాన్నుంచి వచ్చే కోలిన్ మెదడు కణాల పొరకి ముడిసరుకు, కాబట్టి లాజిక్ బాగానే ఉంది. కానీ అమెరికాలో తల దెబ్బ తగిలిన 1213 మందికి రోజుకి 2000 మిల్లీగ్రాముల చొప్పున 90 రోజులు, సగం మందికి అది, సగం మందికి ఉత్త మాత్ర ఇచ్చి చూశారు, 2012లో రిజల్ట్ వచ్చింది, తేడా లేదు. మీ డాక్టర్ రాశారంటే మానెయ్యండి అనట్లేదు, కానీ ఆ స్ట్రిప్ కొనడానికి గుడ్లూ పాలూ తగ్గించుకునే ఇల్లు అయితే డాక్టర్‌తో ఆ మాట చెప్పండి. కోలిన్ గుడ్డు పచ్చసొనలో బోలెడుంది, పత్యం అని తీసేసేది కూడా ఆ సొననే, అదీ మన తమాషా.

మెగ్నీషియం ఐసీయూలో ఇంజెక్షన్‌గా ఇచ్చి చూశారు, జంతువుల్లో బాగా పనిచేసింది, మనుషుల్లో 2007 నాటి పెద్ద ట్రయల్‌లో లాభం కనపడలేదు. లోటు ఉంటే సరిచెయ్యాలి, అంతే. జింక్ 68 మందిలో, క్రియాటిన్ గ్రీస్‌లో 39 మంది పిల్లల్లో కొంత బాగుందని వచ్చింది, ఆశ పుట్టించే రిజల్టే కానీ అంత కొద్దిమంది మీద నమ్మి డబ్బాలు కొనలేం, క్రియాటిన్ జిమ్ షాపులో తెచ్చి అడక్కుండా అస్సలు పెట్టకండి. ఒమేగా 3 పరిస్థితీ అదే, మెదడులో కొవ్వుకి డీహెచ్ఏ అనే ఒమేగా 3 రకం కీలకం నిజమే, తల దెబ్బ మనుషుల్లో పెద్ద రుజువు మాత్రం లేదు. చేప తినేవాళ్ళయితే క్యాప్సూల్స్ జోలికి పోకుండా కానాగంతలు, కవ్వలు వారానికి రెండు మూడుసార్లు పులుసు పెట్టండి, ఖరీదైన వంజరమే కావాలని లేదు, చిన్న చేపల్లోనే ఒమేగా 3 దండిగా ఉంటుంది, ప్రోటీన్ ఎలాగూ వస్తుంది, ముళ్ళు మాత్రం మీరే తీసి పెట్టండి. అవిసె గింజల పొడి మంచిదే, దాన్లోది వేరే రకం, ఒంట్లో డీహెచ్ఏగా మారేది చాలా కొంచెం.

విటమిన్ డి, బీ12 మాత్రం టెస్ట్ చేయించండి, మనవాళ్ళలో లోటు ఎక్కువ, శాకాహారులకి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి, గ్యాస్ టాబ్లెట్లు ఏళ్ళ తరబడి మింగేవాళ్ళకి బీ12 తక్కువుంటుంది, అది తక్కువుంటే మతిమరుపు, తిమ్మిర్లు, తూలడం దెబ్బ వల్ల అనుకుని ఊరుకుంటాం. డి విటమిన్ 60,000 యూనిట్ల సాచెట్ వారానికోటి అని రాస్తే ఎన్ని వారాలో అడగండి, కోర్సు అయిపోయాక కూడా అలా వేసుకుంటూ పోతే కాల్షియం పెరిగిపోతుంది. ఇక సరస్వతాకు లేహ్యాలు, భస్మాలు, ఆన్‌లైన్ బ్రెయిన్ టానిక్‌లు. లోహాలతో చేసే కొన్ని ఆయుర్వేద రసౌషధాల్లో సీసం, పాదరసం దొరికిన సందర్భాలున్నాయి, సీసం మెదడుకి విషం. కీటో డైట్ కూడా యూట్యూబ్ చూసి మొదలెట్టకండి, ఉన్న బరువే పోతున్న మనిషికి అన్నం ఆపడం ఏంటసలు.

స్టెప్ 8: తినను అనేవాళ్ళు, ఆపకుండా తినేవాళ్ళు

తల దెబ్బలో వాసన పోవడం చాలామందికి జరుగుతుంది, వాసన పోతే రుచి సగం పోతుంది, మనిషి పళ్ళెం తోసేస్తాడు, ఇంట్లోవాళ్ళు మొండితనం అనుకుంటారు. పులుపు, ఉప్పు, కారం నాలుకకి తెలుస్తాయి కాబట్టి నిమ్మకాయ, చింతపండు పులుసు, కారప్పొడి నెయ్యి లాంటివి వాడుకోండి, ఒకటి మెత్తగా ఒకటి కరకరగా పెట్టండి, గుటక బాగున్నవాళ్ళకైతేనే సుమా. పాసిపోయిన కూర, గ్యాస్ లీకు ఆ మనిషికి తెలీదని ఇంట్లో అందరికీ చెప్పండి.

ఉల్టా కేసు కూడా ఉంది, మెదడు ముందు భాగం దెబ్బతిన్నవాళ్ళకి కడుపు నిండినట్టు తెలీదు, లేదా తిన్నానన్న సంగతే గుర్తుండదు, పది నిమిషాలకోసారి టిఫిన్ పెట్టలేదంటారు, బయటివాళ్ళ ముందు అలా అంటే కోడలికి ఎంత అవమానమో నేను చూశా. అరిచి లాభం లేదు. తిన్న టైం గోడ మీద బోర్డులో వాళ్ళ చేతే రాయించండి, స్వీట్లు, మిక్చర్ డబ్బాలు కళ్ళకి కనపడకుండా సర్దండి, ప్లేటు వంటింట్లోనే వడ్డించి తెండి. కాఫీ పొద్దున ఒకటి చాలు, సాయంత్రం తాగితే ఉన్న కాస్త నిద్రా పోతుంది. మలబద్ధకం వస్తే దానివల్లే ఆకలి చచ్చి చిరాకు పెరుగుతుంది, జామపండు, బొప్పాయి, ఆకుకూర మెత్తగా చేసి పెట్టండి, తగ్గకపోతే మందు అడగండి. మందు గ్లాసు విషయంలో మాత్రం "కొంచెం పర్లేదు" అనే బావమరుదుల్ని గుమ్మం దగ్గరే ఆపండి, ఫిట్స్ రిస్క్ పెరుగుతుంది, వేసే మందులతో కలిసి మత్తు ఎక్కువవుతుంది.

స్టెప్ 9: నోట్‌బుక్

ఒక పుస్తకం పెట్టుకోండి, ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, మోషన్, దగ్గు, జ్వరం, ఫిట్స్ ఏమైనా వస్తే టైం. బరువు వారానికోసారి అదే మెషీన్ మీద, నిలబడలేకపోతే మీరు ఎత్తుకుని చూసి మీ బరువు తీసెయ్యండి, అదీ కుదరకపోతే మోచేతి పైన చుట్టుకొలత టేపుతో కొలవండి. నెలలో 5 శాతం బరువు పోయిందంటే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే, రివ్యూ దాకా ఆగొద్దు.

రివ్యూకి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం డాక్టర్ టేబుల్ మీద పెట్టండి, సోడియం, హిమోగ్లోబిన్, బీ12, డి విటమిన్, షుగర్ చూడాలా అని అడగండి. తిండి బాగా వెళ్తున్నా మూడు నాలుగు నెలలకి కూడా విపరీతమైన నీరసం, చలి, ఆడవాళ్ళకి నెలసరి ఆగిపోవడం, మగవాళ్ళకి గడ్డం పెరగకపోవడం లాంటివి ఉంటే పిట్యూటరీ హార్మోన్లు టెస్ట్ చెయ్యాలేమో అని మీరే ఎత్తండి, తల దెబ్బ తర్వాత ఇవి తగ్గడం అరుదేమీ కాదు, అప్పుడు కావాల్సింది టానిక్ కాదు, ఎండోక్రైనాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టర్. మింగే టెస్ట్ కూడా మళ్ళీ చేయించమనండి, మొదట్లో చిక్కటివే పెట్టమన్నారని ఏడాదైనా అలాగే పెడుతూ కూర్చునే ఇళ్ళున్నాయి, మనిషేమో ఎప్పుడో గ్లాసెత్తి నీళ్ళు తాగే స్టేజికి వచ్చేసి ఉంటాడు.